రాళ్లు ఏరిన కొండ

మా ఖరగ్‌పూర్‌లో అయోధ్యకు వెళ్లొచ్చానని చెబితే ప్రసాదం ఏదని చెయ్యి చాపుతారు. నేను వెళ్లింది ఆ అయోధ్య కాదు. పురూలియా జిల్లాలో, జార్ఖండ్ అంచున, అయోధ్యా కొండలని ఉన్నాయి. ఫాల్గుణంలో మోదుగ పూసినప్పుడు కలకత్తా వాళ్లు కార్లు కట్టించుకుని వచ్చి ఫోటోలు తీసుకుని పోతారు. నేను వెళ్లింది జ్యేష్ఠంలో. ఆ నెలలో అక్కడికి పని లేనివాళ్లు ఎవరూ వెళ్లరు. మీలో కూడా ఎవరూ వెళ్లి ఉండరు కాబట్టి రాస్తున్నాను. చదివి వెళ్లమని మాత్రం చెప్పను.

నాకు అక్కడ పని ఉంది. మా తమ్ముడు సూర్యనారాయణ ఆ కొండ వాలు మీద ఉన్నాడు. వాణ్ణి మేం సూరి అంటాం. రైల్వేలో గాంగ్‌మన్‌గా చేరి గాంగ్‌మన్‌గానే రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేశాక వాడూ, మా మరదలు పార్వతీ ఈ ఊళ్లోనే మలంచాలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరు వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో ఎవరికీ సొంత నేల లేదు. పుట్టింది రైల్వే ఆస్పత్రిలో, పెరిగింది రైల్వే క్వార్టర్లో. పెరట్లో పాకించిన బచ్చలి తీగ కూడా రైల్వే నేల మీదే పాకింది. రిటైరయ్యాక సూరికి అది మనసులో పట్టుకుంది.

ఒక ఫాల్గుణంలో పాత గాంగ్ వాళ్లతో కలిసి పిక్నిక్‌కని ఆ కొండకు వెళ్లాడు. కొండంతా ఎర్రగా పూసి ఉందట. తిరిగొచ్చి మా ట్రాఫిక్ కాలనీ క్వార్టరు మెట్ల మీద కూర్చుని, "ఇంత పువ్వు పూసినాదంటే కింద నేల ఎంత బాగుండాల అప్పా!" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటాం. చేతికొచ్చినదంతా పెట్టి ఒక వాలు కొన్నాడు. గుడిసె వేసుకుని జీడిమామిడి పెంచుతానని వెళ్లిపోయాడు.

పార్వతి ఒకసారి వెళ్లి ఆ వాలు చూసింది. అడుగు వేస్తే కంకర జారి కూలబడిందట. "తొలివానకి ఈ మట్టి నిలిస్తే నానూ వచ్చీసి కాపురముంటాను. నిలవకపోతే నువ్వు వచ్చీయాల" అని సూరితో తేల్చి చెప్పి మలంచా వచ్చేసింది. చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది. ఫోను చేస్తే వాడు మట్టి బాగుంది, మొక్కలు బాగున్నాయి అనడమే తప్ప ఇంకో మాట లేదు. వానలు దగ్గర పడ్డాయి.

"వదినా, నువ్వెల్లి సూసి రా" అంది పార్వతి. "నాను ఎల్తే దెబ్బలాడుకుంటాం. బాగుంటే సామాన్లు సర్దుకుంటాను. బాగోనేదా, సెయ్యి పట్టుకుని లాక్కొచ్చీ."

అలా బయల్దేరాను.

రైల్లో

పొద్దుటి బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, స్టేషన్ బోర్డు కనబడితే వదలను. తెలుగు వచ్చాక బెంగాలీ కూడా కూడబలుక్కుంటున్నాను. గోకుల్‌పూర్. మేదినీపూర్. సాల్‌బొనీ. గుణింతాలు సరిచూసుకునేలోపు బండి కదిలిపోయేది.

బోర్డుల మధ్య నేలను చూశాను. సూరి పుణ్యమా అని ఈసారి నేల మీదకు చూపు పోయింది. మొదట మా ఊరి పక్క సాలువా వైపు ఉండేలాంటి ఎర్ర నేల. తర్వాత సాల్ చెట్ల అడవి, ఆకు రాలి నేల కనబడదు. బిష్ణుపూర్ దగ్గర చెరువులు, కోసిన వరి మళ్లు. బాంకురా దాటాక నేల పలచబడింది. అక్కడక్కడా రాళ్లు వీపులు బయటపెట్టి పడుకున్న గేదెల్లా ఉన్నాయి. వాటి మధ్య మట్టి ఎవరో చల్లి మరిచిపోయినంత ఉంది.

గడ్‌బేతాలో ఒకావిడ సాల్ ఆకు విస్తర్ల కట్టలతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ముడి అమ్మేవాడు వచ్చాడు. మరమరాలను మేమూ ముడి అనే అంటాం. పది రూపాయలకు కాగితం పొట్లంలో పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవనూనె కలిపి, పైన కొబ్బరి ముక్క పెట్టి ఇచ్చాడు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఆ కొబ్బరి ముక్క వెయ్యడం మానేసి చాలాకాలమైంది. ఇద్దరం తింటూ మాటల్లో పడ్డాం.

ఎక్కడికని అడిగింది. చెప్పాను. నమలడం ఆపింది.

"మా పిన్ని కూతుర్ని అటే ఇచ్చినాం దీదీ. అక్కడ పిల్లనిచ్చే ముందు పొలం పైనుందా, కిందుందా అని అడగాలట. మాకు తెలీదు, మేం అడగలేదు."

"పైనుంటే ఏమవుతాది?"

"పైనుంటే పిల్ల కిందోళ్ల పొలంలో కూలికి పోతుంది" అంది.

మా కాలనీలో పిల్లాడు పర్మనెంటా, కాంట్రాక్టా అని అడుగుతాం. ఆ మాట చెబితే ఆవిడ పడీపడీ నవ్వి, "అదీ అంతే కదా, పైనా కిందా!" అంది. నేనూ నవ్వాను. నవ్వాక మాత్రం మిగిలిన ముడి పొట్లం మడిచి సంచిలో పెట్టేశాను. సూరి వాలు కొండ సగం పైనుందని పార్వతి చెప్పింది.

స్టాండ్ కాని స్టాండ్

పురూలియాలో దిగి బస్సు ఎక్కాను. కుసుమ్ స్టాండ్ దగ్గర దించమని కండక్టరుకు చెప్పాను. సూరి అంతకుముందెప్పుడో ఫోనులో అలాగే చెప్పాడు, నాకు అలాగే వినబడింది. కండక్టరు తలూపాడు. బస్సు ఎండలో పోయింది, పోయింది, మేకలు ఎక్కాయి, దిగాయి. చివరికి ఒక బజారులో ఆగి అందరూ దిగిపోయారు.

"స్టాండ్ వచ్చేసింది మాసీ, దిగండి" అన్నాడు కండక్టరు.

"కుసుమ్ స్టాండేనా ఇది?"

"ఇది బస్ స్టాండ్. ఇక్కడ ఇదొక్కటే స్టాండ్!"

పక్కన టీ కొట్టాయన కలగజేసుకున్నాడు. నన్ను రెండుసార్లు ఆ పేరు చెప్పించుకుని చివరికి పట్టుకున్నాడు. "కుసుమ్ స్టాండ్ కాదు దీదీ, కుసుమ్ టాండ్. వెనక్కి పోవాలి. మీరు దాటి వచ్చేశారు." మట్టి పిడతలో టీ పోసి ఇచ్చాడు, ఐదు రూపాయలు.

టాండ్ అంటే ఏమిటని అడిగాను.

"అదొక నేల" అన్నాడు. "ఊరికి పైన, కొండ వాలు మీద ఉంటుంది. అంతా కంకర. నీళ్లు ఆగవు, గట్లు నిలవవు. ఉలవలు చల్లుకుంటే చల్లుకుంటారు, లేకపోతే మేకలు తిరుగుతాయి. ఎందుకూ పనికిరాని చోటును మావాళ్లు టాండ్ అంటారు." నా మొహం చూసి, "మీకక్కడ ఎవరున్నారు?" అన్నాడు.

తమ్ముడున్నాడని చెప్పాను, పొలం కొన్నాడని చెప్పలేదు. పేరులోనే అంతా చెప్పి పెట్టిన చోటును మావాడు ఏం విని కొన్నాడో అనుకుంటూ వెనక్కి పోయే వ్యాన్ ఎక్కాను.

వాలు మీద

రోడ్డు మీద దిగి పైకి చూస్తే కొండ కాలిన రొట్టెలా ఉంది. మోదుగ చెట్లు ఉన్నాయి, పువ్వు లేదు. మొండి కొమ్మలు, దుమ్ము పట్టిన పెద్ద ఆకులు. దారి ఎక్కుతుంటే కాలి కింద గులకలు దొర్లాయి. గోళీలు పరిచిన మెట్ల మీద నడుస్తున్నట్టే ఉంది. మధ్యలో జారి చెప్పు పట్టీ తెగింది. చెప్పులు చేత్తో పట్టుకుందామంటే కంకర పెనంలా కాలుతోంది. తెగిన చెప్పును కాలితో ఈడ్చుకుంటూ ఎక్కాను.

సూరి పైనుంచి చూసి దిగొచ్చాడు. ఒంటి మీద రంగు పోయిన గాంగ్ జాకెట్. ముఖం నల్లబడి, పెదాలు పగిలి ఉన్నాయి.

"ఏటప్పా, సెప్పకుండా వచ్చీసినావు! పార్వతి తరిమినాదేటి?"

"నిన్ను సూద్దామని వచ్చినాను. ఏట్రా ఆ మొగం? తిండి తింటన్నావా నేదా?"

"తింటన్నాను. ముందు నా మట్టి సూడు" అన్నాడు. నీళ్లు కూడా ఇవ్వకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు.

చూడగానే నిజంగా ఆశ్చర్యం వేసింది. కొండంతా కంకర తేలి ఉంటే ఆ వాలు మీద మాత్రం మట్టి నున్నగా, ఎర్రగా, ఆరబోసిన కుంకంలా ఉంది. ఒక్క రాయి లేదు. రాళ్లన్నీ పొలానికి రెండు పక్కలా, మధ్యలో ఇంకో వరసగా, పైనుంచి కిందకు తాడు పట్టినట్టు తిన్నగా పేర్చి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే కొండ మీదకు రైలు వేస్తున్నారేమో అనిపిస్తుంది. ఆ వరసల మధ్య గోతుల్లో జీడిమామిడి మొక్కలు.

వాడి పని నాకు తెలుసు. పట్టాల కింద పరిచే కంకరలో కొన్నాళ్లకు మట్టి చేరి నీళ్లు దిగకుండా చేస్తుంది. గాంగ్ వాళ్లు పళ్లున్న పారతో దాన్ని తవ్వి, జల్లెడ పట్టి, మట్టి పారేసి, రాళ్లు మళ్లీ పరుస్తారు. ఆ పారను వాళ్లు పంజా అంటారు. సూరి ఉద్యోగమంతా అదే. ఇక్కడ దాన్నే తిరగేశాడు. చలికాలమంతా కొండను తవ్వి, జల్లెడ పట్టి, రాళ్లు పారేసి, మట్టి ఉంచాడు.

"లైను మీద మట్టిని ఎంత పారబోసినానప్పా! ఇప్పుడు నాకు కావలసినాదంతా మట్టే" అన్నాడు. "ఈ లైను సూడు, ఎక్కడైనా వంకరుందా?"

"నేదురా. పట్టాలు ఎయ్యడమే తరువాయి."

మురిసిపోయాడు. ఆ మురిపెం చూస్తూ నేను గడ్డపార తీసుకుని మెల్లగా నేలలో దించాను. జానెడు కూడా దిగలేదు, కంగుమంది. ఇంకో చోట దించాను. అక్కడ కొంచెం లోతు దిగి, బెల్లపు గడ్డలాంటి పిప్పి రాయి తగిలి, ఆగింది. సూరి గడ్డపార నా చేతిలోంచి తీసుకున్నాడు.

"కింద రాయుంటాదిలే. కొండ కదా. ఏర్లు సందు సూసుకుని ఎల్తాయి."

ఎండిన మొక్క ఒకటి పక్కన పడి ఉంటే తీసి చూశాను. వేరు జానెడు కిందకు దిగి, గోడకు తగిలిన కర్రలా వంగి, పక్కకు పోయింది. పక్కన కూడా ఎంతో దూరం పోలేదు. సూరి దాన్ని తీసుకుని గుడిసె వెనక్కు విసిరేశాడు.

సాయంత్రం టాండ్ మాట అడిగాను. స్టాండ్ అని విని నేను బజారుకు పోయిన సంగతి చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నానూ స్టాండే అనుకున్నానప్పా. అమ్మినాయన మంచోడే. ఇది టాండ్ దాదా, ఇది టాండ్ అని ఒకటికి రెండుసార్లు సెప్పినాడు. బస్సాగే సోటు పక్కన నేల, ఇంత సులువుగా ఎవడిస్తాడని సంతోషించినాను" అన్నాడు.

మోసం చేసినవాడుంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

సరళా దీదీ పొలం

సూరి వాలుకు సరిగ్గా కింద ఉన్న పొలం సరళా మహతోది. నా వయసే ఉంటుంది. భర్త ఇటుక బట్టీకి పోయాడు, వానలకు తిరిగి వస్తాడు. సూరికి పూటకింత వండి పెట్టేది ఆవిడే. మర్నాడు పొద్దున్న నన్ను వాళ్లింటికి పిలిచి గిన్నెలో జావ పోసింది. తాగి చూస్తే మన చోడి అంబలే. వాళ్లు రాగుల్ని మడువా అంటారు. మనం మజ్జిగ పోసుకుంటాం, ఆవిడ ఉప్పూ పచ్చిమిరపకాయా ఇచ్చింది. పక్కన ఉలవల పప్పు. మా అమ్మ ఉలవలు ఉడికిస్తే వీధి చివరికి వాసన వచ్చేది. ఇక్కడ ఉలవలే తప్ప పోపుకు నూనె లేదు. ఎర్ర చీమలు, వాటి గుడ్లు నూరిన పచ్చడి కూడా ఆకులో పెట్టింది. పుల్లగా, చింతచిగురులా ఉంది. రెండోసారి అడిగితే సంతోషించింది.

తిన్నాక పొలాలు చూపిస్తానని తీసుకెళ్లింది. ఆవిడ మాట ఆ వైపు మాట్లాడే మాన్‌భూమ్ బెంగాలీ, సగం అర్థమై సగం సైగలు. నాకు అర్థమైనంత రాస్తున్నాను. కొండ వాలు మీద ఉండేది టాండ్. దాని కింద గట్టు కట్టిన మెట్ట బైద్. దాని కింద కాస్త తేమ నిలిచే కానాలి. అన్నిటికీ కింద, నీళ్లు ఆగే చోట, బహాల్. పైనుంచి కిందకు నడుస్తుంటే మట్టి మారడం నాకూ తెలిసింది. పైన కాలికి గుచ్చుకుంటుంది, కింద కాలు దిగబడుతుంది.

"వాన పడ్డప్పుడల్లా కొండ తన మెత్తటి మట్టిని కిందకు దింపేసుకుంటుంది దీదీ. గులకలు బరువు కదా, అవే పైన మిగులుతాయి. బహాల్ ఉన్నవాడు చెయ్యి కదపకుండా తింటాడు. మాది బైద్. ఏడాదికి ఒక పంట, అదీ వాన దయ" అంది.

మా రైల్వేలో సస్పెండయినవాడికి మళ్లీ ఉద్యోగం వస్తే బహాల్ అయ్యాడంటాం. ఆ మాట చెబితే అర్థం చేసుకుని, "మా టాండ్ ఎప్పటికీ బహాల్ అవదు" అంది.

పైకి వస్తూ సూరి ముట్టుకోని వాలు మీద ఒక రాయి ఎత్తి చూపించింది. అంత ఎండలో, రాయి కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. చీమలు గుడ్లు మోసుకుని పరుగెత్తాయి. పక్కనే గడ్డి దుబ్బు ఒకటి రాయిని పట్టుకుని ఉంది. ఆవిడ రాయిని మళ్లీ అలాగే పెట్టేసింది.

"మేం రాళ్లు ఏరం. మరీ పెద్దవి ఉంటే వాలుకు అడ్డంగా గట్టు పెడతాం. మీ తమ్ముడికి చెప్పాను. ఎన్నో ఏళ్లు రాళ్లతోనే బతికాను దీదీ, రాయి సంగతి నాకు చెప్పకు అన్నాడు."

"మరి గట్టిగా సెప్పకపోయారా?"

"ఎలా చెప్పను? అంత ముచ్చటగా పేరుస్తున్నాడు. ఊరి పిల్లలు చూడ్డానికి వచ్చేవాళ్లు. నాకే అనిపించింది, ఈయన చేతిలో ఇది మారుతుందేమోనని" అంది.

ఆ పూట సూరితో అన్నాను, వరసలు విప్పి అడ్డంగా పెట్టరా అని. "వానలకి ఇంకా టైముందిలే అప్పా, సూద్దాం" అన్నాడు.

తొలివాన

టైము లేదు. మర్నాడు మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. కొండ వెనక నుంచి మబ్బు నల్లగా లేచింది. మొదటి చినుకులకు దుమ్ము ఎగిరి కమ్మటి వాసన వేసింది. సూరి గుడిసె ముందు నిలబడి చేతులు చాపాడు. నేనూ కొంగు విప్పి నిలబడ్డాను. ఎండకు మాడి ఉన్నాం, ఇద్దరం పిల్లల్లా నవ్వాం.

తర్వాత చినుకు లావైంది. నున్నటి మట్టి మీద ఒక్కో చినుకు ఒక్కో గుంట చేసింది. కాసేపటికి ఆ గుంటలు కలిసిపోయి నేల మీద బంకలాంటి పొర పట్టింది. నీళ్లు దిగడం మానేశాయి. దారంలా ఒక పాయ, దాని పక్కన ఇంకో పాయ. అవన్నీ ఒరుసుకుంటూ వెళ్లి సూరి పేర్చిన రాళ్ల వరస పక్కన చేరాయి. తాడు పట్టి పేర్చిన వరస కదా, పైనుంచి కిందకు ఎక్కడా వంకర లేదు, అడ్డం లేదు. నీళ్లు దాన్ని కాలువ చేసుకున్నాయి. ఎర్రటి నీళ్లు. చప్పుడు చేస్తూ పోయాయి.

సూరి పంజా తీసుకుని పరుగెత్తాడు. వరసలోంచి రాళ్లు లాగి నీళ్లకు అడ్డం వేశాడు. ఒక చోట వేస్తే పక్క నుంచి తెగింది. గోతులు నిండి పొర్లాయి. మొక్కలు మట్టి లేని వేళ్లతో పక్కకు వాలి, ఒక్కొక్కటే తేలుకుంటూ పోయాయి.

"అప్పా, అటు పట్టు! ఆ రాయి తొయ్యి!" అని అరిచాడు. నేను తెగిన చెప్పు వదిలేసి పరుగెత్తాను. నా బరువుకు నిలిచే నేల అక్కడ లేదు. కూలబడి, కూలబడిన చోటే రాళ్లు పోగు చేశాను. నా మోకాళ్ల చుట్టూ మట్టి కరిగిపోవడం తెలుస్తోంది.

పక్కన, ఎవరూ ముట్టుకోని వాలు మీదా అదే వాన పడింది. అక్కడ నీళ్లు రాళ్ల మధ్య తడుముకుంటూ మెల్లగా దిగాయి. నేను అది చూశాను. సూరి కూడా చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు.

వాన వచ్చినంత తొందరగా పోయింది. ఎండ కూడా వచ్చింది. వాలు మీద సగం చోట్ల కడిగిన గచ్చులా బండ మెరిసింది. మిగతా చోట్ల పిప్పి రాయి. రాళ్ల వరసల్లో మధ్యది మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

కింద చేరిన మట్టి

సరళా దీదీ తన పొలం గట్టు మీద చెంపకు చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. పొలంలో పైగట్టు వెంబడి చీలమండ లోతున కొత్త మట్టి పరుచుకుంది. ఎర్రగా, నున్నగా, అలికినట్టు.

"దాదా, నీ మట్టంతా నా దగ్గరకు వచ్చేసింది" అంది. దొంగతనం చేసి దొరికిన మనిషిలా తల దించుకుంది.

సూరి పొలంలో దిగాడు. వంగి పిడికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి నా చేతిలో పెట్టాడు.

"ఎంత మెత్తగా ఉందో సూడప్పా. ఒక్క రాయి నేదు. నాను జల్లెడ పట్టినాదే ఇది."

నిజమే. అంత మెత్తటి మట్టి ఆ కొండ మీద నేను ఎక్కడా చూడలేదు.

"ఇది నాదే కదా దీదీ?" అని సరళను అడిగాడు.

"నీదే. తీసుకుపో. నేను కాదనను" అంది.

సూరి తల ఎత్తి వాలు వైపు చూశాడు. నూనె డబ్బాతో ఒకసారి మోసుకుపోయి పైన పోశాడు. బండ మీద పోసిన ఆ మట్టి పేడకడి అంత ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. రెండోసారి దిగలేదు.

ఆ సాయంత్రం బతిమాలాను. "ఎల్లిపోదాం రా తమ్మీ. పార్వతి ఎదురు సూస్తన్నాది. ఒప్పందం ఒప్పందమే కదా, నిలవనేదు, వచ్చీ."

"రాళ్లు తిరిగి పరుస్తానప్పా. అడ్డంగా. సరళా దీదీ సెప్పింది కదా, రాయి కింద మట్టి ఆగుతాదని."

ఆగడానికి మట్టి ఉండాలి కదరా అని నాలుక చివరి దాకా వచ్చింది. గుడిసెలోకి పోయి పక్క పరిచాను.

తెల్లారి లేచేసరికి వాడు పనిలో ఉన్నాడు. వరస విప్పి, ఒక్కో రాయీ తెచ్చి, వాలుకు అడ్డంగా పరుస్తున్నాడు. పంజా వెనకతో తట్టి, సందు సమంగా చూసుకుని, ఇంకోటి పెడుతున్నాడు. కింద ఉన్నది బండ. రాతి మీద రాయి పెట్టిన చప్పుడు గుడిసె దాకా వినబడుతోంది. చెయ్యి పట్టుకుని లాగాను. విడిపించుకుని, "బస్సు తప్పిపోతాదప్పా, ఎల్లు" అన్నాడు.

సరళా దీదీ రోడ్డు దాకా సాగనంపింది. తెగిన చెప్పుకు గడ్డితో పేనిన తాడు కట్టి ఇచ్చింది.

"ఆ వాలు మీద మళ్లీ మట్టి ఎప్పటికి పడతాది?" అని అడిగాను.

"ఎక్కడి నుంచి పడుతుంది దీదీ? ఆ రాయే అరిగి మట్టి కావాలి. మా మామగారి తాత నాడు ఎంత ఉందో మొన్నటి దాకా అంతే ఉండేది" అంది. "ఆయనకు వండి పెడుతూనే ఉంటాను. ఈసారి నా పొలం బాగా పండుతుంది" అని, ఆ మాటకు తనే ఏడ్చింది.

మలంచా

తిరుగు బండిలో బోర్డులు చదవలేదు. ఖరగ్‌పూర్‌లో దిగి ఇంటికి పోకుండా తిన్నగా మలంచాకు ఆటో ఎక్కాను. పార్వతి గది ముందు పంపు దగ్గర గిన్నెలు తోముతోంది. నన్ను చూసి, నా వెనక్కి చూసింది. ఆటో వెళ్లిపోయే దాకా చూసింది. చేతులు కడుక్కుని లేచింది.

"వాన పడినాదేటి వదినా అక్కడ?"

"పడినాది."

"మట్టి?"

"నేదమ్మా. పోనాది. మొక్కలూ పోనాయి."

పార్వతి కొంగుతో చేతులు తుడుచుకుంది. గుమ్మం లోపల రెండు ట్రంకు పెట్టెలు, తాడు కట్టిన పరుపు చుట్ట కనబడ్డాయి. మట్టి నిలుస్తుందనే ఆశతో ముందే సర్దిపెట్టుకుంది.

"మరి ఆ రాళ్లు?" అంది.

"రాళ్లున్నాయి. తిరిగి పరుస్తన్నాడు."

పార్వతి లోపలికి వెళ్లింది. వంగి పరుపు చుట్టకు కట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది.

"రాళ్లుంటే ఆయన రాడులే వదినా" అంది.

ముడి గట్టిగా బిగుసుకుంది. నేను వెళ్లి రెండో కొస పట్టుకున్నాను.